కంప్యూటర్ ముచ్చట్లు: మూట ఇంటి దగ్గరే ఉండిపోయింది

ప్రశ్న: సార్, నమస్తే. మా ల్యాబ్‌లోని ఉబుంటు సర్వర్‌లోకి నా ల్యాప్‌టాప్ నుంచి దూరం నుంచే లోపలికి వెళ్లనిచ్చే ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అవుతాను. డేటా ఫోల్డర్ ఎక్కడుందో చెప్పే డేటా_పాత్ అనే వేరియబుల్‌ని ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌పోర్ట్ చేశాను. ఇక్కడ ఎకో కొడితే కనిపిస్తుంది, సర్వర్‌లోకి వెళ్లగానే ఖాళీ. ఎర్రర్ కూడా రాదు. భాషను చెప్పే లాంగ్ అనే వేరియబుల్ మాత్రం నేనేమీ చేయకపోయినా వెళ్తోంది. వచ్చే వారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.
– ఎమ్‌టెక్ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: టెన్షన్ వద్దమ్మా. మోసం చేసింది ఎక్స్‌పోర్ట్ అనే మాట. పేరు వింటే ఓడెక్కి దేశాలు దాటుతుందేమో అనిపిస్తుంది గానీ, అది గడప దాటదు. ఒక ప్రోగ్రాం తన కడుపున పుట్టిన ప్రోగ్రాంకి ఇచ్చే నకలు, అంతే. నీ టెర్మినల్‌లో కమాండ్లు అందుకునే షెల్‌కి ఎస్‌ఎస్‌హెచ్ బిడ్డ, కాబట్టి దానికి డేటా_పాత్ అందింది. సర్వర్‌లో నువ్వు చూసే షెల్ మాత్రం అక్కడ లాగిన్లు అందుకునే ఎస్‌ఎస్‌హెచ్‌డీ అనే ప్రోగ్రాంకి బిడ్డ. వంశమే వేరైనప్పుడు ఆస్తి ఎట్లా వస్తుంది?

వేరియబుల్ అటు చేరాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. నీ హోమ్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్‌లో సెండ్ఎన్వ్ అని రాసి, పక్కన డేటా_పాత్ అని పేరు పెట్టు. సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్‌లో యాక్సెప్ట్ఎన్వ్ అని అదే పేరు ఉండాలి. అది రాయాల్సింది మీ అడ్మిన్. రాశాక ఎస్‌ఎస్‌హెచ్‌డీని రీలోడ్ చేయాలి, అంతకంటే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ టీ కొట్టి ఫైల్‌లో తప్పుల్లేవని చూసుకోవాలి. జాబితాలో లేని పేరు వస్తే సర్వర్ చప్పుడు చేయకుండా పక్కన పడేస్తుంది. నీకు ఎర్రర్ రాకపోవడానికి కారణం ఇదే. ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ వీ కొడితే నీ వైపు నుంచి ఏవేవి బయల్దేరాయో కనిపిస్తుంది. 2018లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 7.8 నుంచి సెట్ఎన్వ్ కూడా ఉంది, విలువను నేరుగా కాన్ఫిగ్‌లోనే రాసుకోవచ్చు. దానికీ అవతలి ఒప్పుదల తప్పదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 1995లో, ఎస్‌ఎస్‌హెచ్‌కి ముందు ఇదే పనికి వాడిన టెల్‌నెట్‌తో ఒక దెబ్బ తగిలింది. టెల్‌నెట్‌కి వేరియబుల్స్ మోసుకెళ్లే సదుపాయం ఉండేది. ప్రోగ్రాం వాడే లైబ్రరీలు (రెడీమేడ్ కోడ్) ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ లాంటిది పంపితే, అవతల లాగిన్ ప్రోగ్రాం అసలు లైబ్రరీ వదిలేసి దొంగ ముందే అక్కడ పెట్టిన లైబ్రరీని ఎత్తుకునేది. పాస్‌వర్డ్ లేకుండానే రూట్, అంటే మెషీన్ మీద సర్వాధికారం, చేతికొచ్చేది. అందుకే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఎవరూ చెప్పనంతవరకు ఏదీ తీసుకోదు. టెర్మినల్ రకం చెప్పే టర్మ్ ఒక్కటే మినహాయింపు.

మరి లాంగ్ ఎట్లా వెళ్తోంది? డెబియన్, ఉబుంటుల వాళ్లు లాంగ్‌నీ, ఎల్‌సీ_తో మొదలయ్యే పేర్లన్నిటినీ రెండు వైపులా ముందే ఒప్పుకుని ఇస్తారు. నన్ను ముంచింది ఈ మర్యాదే.

2011లో ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారుకు మిర్చి లెక్కల స్క్రిప్టు రాసిచ్చాను. కాంటా అయిన లాట్ల జాబితాను చెప్పిన టైముకు పనులు నడిపే క్రాన్ రాత్రి సార్ట్ చేసి పెట్టేది. తక్‌పట్టీల (అమ్మకం చీటీల) జాబితాను పొద్దున నేను కాజీపేటలో ఇంటి నుంచి లాగిన్ అయి సార్ట్ చేసి, రెండింటినీ జాయిన్ కమాండ్‌తో కలిపేవాణ్ని. ఒకరోజు సేటు ఫోన్ చేసి "సారూ, 37 లాట్లు లెక్కలో లేవేంది?" అన్నాడు. గుమస్తాల్లో ఒకరు లాట్ కోడ్ పెద్దక్షరాల్లో కొడితే ఇంకొకరు చిన్నక్షరాల్లో కొట్టేవారు. క్రాన్‌కి నా లాంగ్ అందదు, అది సీ లోకేల్‌లో (లోకేల్ అంటే భాష, అక్షరాల వరుస చెప్పే అమరిక) పెద్దక్షరాలన్నీ ముందు పెట్టింది. నా సెషన్‌లోకి ల్యాప్‌టాప్‌లోని ఇంగ్లిష్-ఇండియా లోకేల్ నా వెంటే వచ్చి, రెండు రకాలనూ కలగలిపింది. వరుసలు కలవక జాయిన్ లాట్లను వదిలేసింది. అది మొత్తుకునే ఉంటుంది, కానీ ఎర్రర్లన్నీ డెవ్ నల్ అనే చెత్తబుట్టలో పారబోసేలా రాసిన మహానుభావుణ్ని నేనే. ఆ ఆఫీసు మెషీన్ ముందు కూర్చుని నడిపితే అంతా సరిగ్గా వచ్చేది! రెండు రోజులు తల పట్టుకున్నాక గానీ తెలియలేదు. అప్పటి నుంచి సార్ట్ ఉన్న ప్రతి స్క్రిప్టులో మొదటి పనిగా, లోకేల్ మొత్తాన్నీ నిర్ణయించే ఎల్‌సీ_ఆల్‌ని సీ చేస్తాను.

ఇక నీ సంగతికొస్తే, అడ్మిన్ ఒప్పుకోకపోతే వేరియబుల్ పేరును ఎల్‌సీ_డేటాపాత్ అని మార్చు, ఉబుంటు సర్వర్ దాన్ని లోపలికి రానిస్తుంది. దొడ్డిదారే, రివ్యూ గడిచేదాకా వాడుకో. విలువ ఎప్పుడూ ఒకటే అయితే ఇదంతా దండగ, సర్వర్‌లో లాగిన్ అవగానే చదివే నీ డాట్ ప్రొఫైల్ ఫైల్‌లో రాసేయ్. ఒక్క చిక్కుంది. లాగిన్ కాకుండా ఎస్‌ఎస్‌హెచ్ వెంటే కమాండ్ ఇచ్చి పంపితే డాట్ ప్రొఫైల్ చదవదు. అక్కడి షెల్ బ్యాష్ అప్పుడు డాట్ బ్యాష్‌ఆర్‌సీ చూస్తుంది గానీ, ఉబుంటు ఇచ్చే ఆ ఫైల్ "ఎదురుగా మనిషి లేడు" అని పై వరుసల్లోనే వెనక్కి తిరుగుతుంది. నీ ఎక్స్‌పోర్ట్ ఆ వరుసల కంటే పైన ఉండాలి. అన్నిటికన్నా సులువు, కమాండ్‌కి ముందే పేరు, ఈక్వల్, విలువ రాసి మొత్తం కోట్స్‌లో పెట్టి పంపడం. దానికి ఎవర్నీ అడగక్కర్లేదు.

ప్రశ్న: సెండ్ఎన్వ్‌తో డేటాబేస్ పాస్‌వర్డ్‌ని సర్వర్‌కి పంపుతున్నాను. పర్వాలేదా అన్నా?
– ప్రైవేటు ఉద్యోగి, మంచిర్యాల

జవాబు: వద్దు తమ్ముడూ. దారిలో భయం లేదు, ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. చేరాకే తంటా. లినక్స్‌లో ప్రతి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) మొదలైనప్పటి వేరియబుల్స్ ప్రోక్ ఫోల్డర్ కింద ఎన్విరాన్ అనే ఫైల్‌లో కనిపిస్తాయి. అదే యూజర్ పేరుతో వచ్చిన ఎవరైనా చదువుకోవచ్చు, రూట్ సంగతి చెప్పక్కర్లేదు. ఒకే లాగిన్‌ని నలుగురు వాడే ఆఫీసైతే గోడ మీద రాసినట్టే. సర్వర్‌లోనే ఒక ఫైల్‌లో పెట్టి ఆ ఫైల్ యజమాని మాత్రమే చదివేలా 600 పర్మిషన్ ఇవ్వు, ప్రోగ్రాం దాన్ని చదువుకుంటుంది. ఇన్నాళ్లు పంపిన పాస్‌వర్డ్‌ని మాత్రం ఈ పూటే మార్చు.