టెక్ సందేహాలు: నొక్కని మీట పనికిరానిదా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకే చోటికి చేరాయి: కారు సీటులో నడుము ఆనే భాగం, అక్కడ నడుముకు ఆసరా ఇచ్చే ‘లంబార్ సపోర్ట్’. ఫోన్ల గురించి, బ్యాటరీల గురించి వచ్చినవాటిని పక్కన పెట్టి, మొత్తం చోటు దీనికే ఇస్తున్నాను. గంటల తరబడి మన బరువును మోసే పరికరం గురించి మనం అడిగేది చాలా తక్కువ.

సందేహం: కొత్త కారు కొనాలనుకుంటున్నాను. ఒక వేరియంట్‌లో లంబార్ సపోర్ట్‌ను చేతి మీటతో సర్దుకోవాలి, పై వేరియంట్‌లో మోటారు ఉంది. ‘టూ వే’, ‘ఫోర్ వే’ అని కూడా రాశారు. రోజూ రెండు గంటలకు పైగా నడుపుతాను. దేన్ని ఎంచుకోవాలి?

మోటారు ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఆసరాను పైకీ కిందికీ జరపవచ్చా అన్నది మొదటి ప్రశ్న.

నిలబడినప్పుడు మన నడుము లోపలికి ఒంపు తిరిగి ఉంటుంది. ఆ ఒంపులో ఉన్నవి అయిదు వెన్నుపూసలు. కూర్చోగానే కటి ఎముక వెనక్కి ఒరుగుతుంది, ఒంపు చదునవుతుంది, నడుముకూ సీటుకూ మధ్య సందు మిగులుతుంది. ఆ సందును నింపి, ఒంపును కొంతైనా నిలబెట్టడమే లంబార్ సపోర్ట్ పని. ‘టూ వే’ అంటే ఆసరా ముందుకు, వెనక్కి మాత్రమే కదులుతుంది. ‘ఫోర్ వే’లో దానికి తోడు పైకి, కిందికి కూడా జరుగుతుంది. పొడవైన మనిషి నడుము ఒంపు, పొట్టి మనిషి నడుము ఒంపు సీటులో ఒకే ఎత్తున ఉండవు కదా! తప్పు ఎత్తున ఉన్న ఆసరాను ఎంత ముందుకు నెట్టినా పక్కటెముకల కిందో, తుంటి మీదో గుచ్చుకుంటుందే తప్ప ఒంపుకు అందదు. అందుకే టూ వే మోటారు కంటే, ఎత్తు కూడా మార్చుకోగల చేతి మీట మేలని నా అభిప్రాయం.

మోటారుకు విలువ లేదనడం లేదు. చేతి మీట చాలా సీట్లలో మెట్లు మెట్లుగా కదులుతుంది, మోటారు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. కీళ్ల నొప్పులున్నవారికి, బిగుసుకున్న గుండ్రటి మీటను తిప్పలేని పెద్దవారికి అది పెద్ద సాయం. ఒక్కొక్కరి సర్దుబాటును గుర్తుంచుకుని, బటన్ నొక్కగానే ఆ స్థానానికి చేరే మెమరీ సీటు కావాలంటే మోటారు తప్పనిసరి.

కొనే ముందు షోరూములో రెండు నిమిషాలు కూర్చుని నిర్ణయానికి రాకండి. కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి, వీలైతే నడపండి. సర్దుకునే వరుస కూడా ముఖ్యం. తుంటి సీటు మూలకు ఆనేదాకా వెనక్కి జరిగి కూర్చోవాలి. తర్వాత పెడళ్లకు దూరం, ఆ తర్వాత వీపు ఆనే భాగం వాలు సరిచేయాలి. ఆఖరున, పూర్తిగా లోపలికి తీసేసిన లంబార్‌ను బెల్టు పెట్టుకునే ఎత్తుకు కాస్త పైన మొదలుపెట్టి, సందు నిండేదాకా మెల్లగా ముందుకు తేవాలి. ఆసరా ‘తోస్తోంది’ అనిపిస్తే దాన్ని కాస్త వెనక్కి తీయాలి. చాలామంది లంబార్‌ను ముందు పెంచి తర్వాత సీటు వాల్చుతారు. ఆ వాలుతో లెక్క మొత్తం మారిపోతుంది.

సందేహం: ఉదయం సర్దుకున్న లంబార్ సపోర్ట్ మధ్యాహ్నానికి మెత్తబడిపోతోంది. మళ్లీ మీట నొక్కితే లేస్తుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరవుతుందా?

మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి ఇది సాఫ్ట్‌వేర్ కాదు, గాలి. ఈ ఆసరాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో సీటు వెనుక విల్లులా వంగే పలకో, తీగల అల్లికో ఉంటుంది. మోటారు ఒక కేబుల్‌ను లాగగానే అది ముందుకు వంగుతుంది. దీన్ని ఒకసారి పెడితే దానంతట అది జారదు. రెండో రకంలో గాలి తిత్తులు, వాటికి చిన్న పంపు, గాలిని లోపల పట్టి ఉంచే వాల్వులు ఉంటాయి. మీట నొక్కగానే సన్నగా గుర్రుమనే చప్పుడు, వదిలేటప్పుడు ‘స్స్’ అన్న శబ్దం వస్తే మీది గాలి రకమే.

పంపు పనిచేస్తోంది, తిత్తి నిండుతోంది, తర్వాత తగ్గుతోంది. అంటే తిత్తి, గొట్టం, వాల్వు, ఈ మూడింటిలో ఒక చోట గాలి కారుతోంది. వాల్వు సరిగ్గా మూసుకోకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. రాత్రి చలికి లోపలి గాలి ఒత్తిడి కొంత తగ్గడం సహజమే కానీ, మీరు చెప్పినట్టు పగటిపూట తగ్గిపోవడం సహజం కాదు. పంపు చప్పుడే రాకపోతే ఫ్యూజ్, మీట, వైరింగ్ వైపు చూడాలి.

ఒక్క విన్నపం. సీటు కిందికి వంగి మీరే కనెక్టర్లు ఊడదీయకండి. అక్కడ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు వైర్లు కూడా ఉంటాయి. వాటి కనెక్టర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని కదిపితే ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం వెలగడంతో ఆగకపోవచ్చు, ప్రమాద సమయంలో అది తెరుచుకోకపోనూవచ్చు.

సందేహం: మా పాత కారులో లంబార్ లేదు. సీటుకు కట్టుకునే మోటారు దిండ్లు దొరుకుతున్నాయి. వాడవచ్చా?

పలుచని, ఎత్తు మార్చుకోగల మామూలు నడుము దిండు చాలు. మందపు దిండుతో రెండు చిక్కులున్నాయి. అది మిమ్మల్ని మొత్తంగా ముందుకు తెస్తుంది, అప్పుడు తల వెనుక హెడ్‌రెస్ట్ దూరమవుతుంది. వెనుక నుంచి మరో బండి గుద్దితే మెడను కాపాడేది ఆ దగ్గరితనమే. రెండోది, చాలా కార్లలో పక్క ఎయిర్‌బ్యాగ్ సీటు అంచు కుట్టు చీల్చుకుని బయటికి వస్తుంది. ఆ కుట్టును కప్పే పట్టీలు, కవర్లు వాడకూడదు. నొప్పి కాలిలోకి పాకుతుంటే, తిమ్మిరి ఉంటే దిండు వెతకడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సందేహం: వాడేవారు లేరని లెక్కలు చూపి టెస్లా ఈ సదుపాయాన్ని తీసేసిందని విన్నాను. నిజంగానే ఇది అనవసరమైన హంగా?

విన్నది నిజమే, కానీ పూర్తిగా కాదు. 2021లో ఉత్తర అమెరికాలో అమ్మే మోడల్ 3, మోడల్ వై కార్లలో డ్రైవర్ పక్క సీటుకు లంబార్ సర్దుబాటు తీసేశారు. డ్రైవర్ సీటుకు ఉంచారు. కార్ల నుంచి వచ్చిన లాగ్‌లలో, అంటే వాడకపు నమోదుల్లో, దాని వాడకం దాదాపు కనిపించలేదని, అందరి మీదా ఆ ఖర్చు, బరువు మోపడం తగదని ఎలాన్ మస్క్ అప్పట్లో ట్విట్టర్‌లో వివరించారు.

పక్క సీటు చాలా ప్రయాణాల్లో ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఆ వాదనలో కొంత బలం ఉంది. కానీ ఆ లెక్క తీసిన పద్ధతితో నాకు పేచీ ఉంది. ఇది ఒక్క కంపెనీ సంగతి కూడా కాదు. లాగ్‌లను చూసి సదుపాయాలు తీసేసే అలవాటు సాఫ్ట్‌వేర్ అంతటా ఉంది.

లాగ్ లెక్కపెట్టేది మీట ఎన్నిసార్లు నొక్కారన్నది. లంబార్ సపోర్ట్ వాడకం మీట నొక్కడంలో లేదు. మంచి ఆసరాను ఒకసారి కుదురుగా పెట్టుకున్నవాడు నెలల తరబడి దాన్ని ముట్టుకోడు. ప్రయాణం పొడుగునా, నిమిషం నిమిషం, అది పనిచేస్తూనే ఉంటుంది. లాగ్‌లో మాత్రం సున్నా. కళ్లజోడు ఎన్నిసార్లు మార్చారని లెక్కపెట్టి, మార్చలేదు కాబట్టి వాడలేదంటే ఎలా? అడగాల్సిన ప్రశ్న ఇది: మీట నొక్కనప్పుడు ఆసరా ఏ స్థానంలో ఉంది? అది సున్నా దగ్గర లేకపోతే, ఆ సీటులో కూర్చున్న ప్రతి క్షణం అది వాడుకలో ఉన్నట్టే.

సున్నా దగ్గరే ఉండిపోతే? అదీ ‘అక్కర్లేదు’ అనడానికి రుజువు కాదు. సీటు పక్కన కనపడని చోట ఉన్న గుండ్రటి మీట అసలు దేనికో చాలామందికి తెలియదు. దాని మీద బొమ్మ తడిమితే తెలిసేది కాదు. ఇంకొన్ని కార్లలో ఈ సర్దుబాటు తెర మీద మెనూల లోపల దాక్కుని ఉంటుంది. జనం వెతకలేకపోయినదాన్ని జనానికి అక్కర్లేనిదిగా రాసుకోవడం డిజైనరు తన తప్పును వాడకందారు ఖాతాలో వేయడమే.

ఇక అసలు పనిచేస్తుందా అంటే, దీని వెనుక పాత, శ్రమతో కూడిన పరిశోధన ఉంది. 1970లలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఆండర్సన్, నాకెమ్సన్ అనే వైద్యుల బృందం మనుషుల వెన్ను డిస్కుల్లోకి సన్నని సూదితో పరికరం పంపి, కూర్చున్నప్పుడు ఒత్తిడిని నేరుగా కొలిచింది. డ్రైవర్ సీటు మీద కూడా కొలిచారు. వీపు ఆనే భాగాన్ని వెనక్కి వాల్చినప్పుడు, నడుముకు ఆసరా ఇచ్చినప్పుడు ఒత్తిడి తగ్గింది. స్వీడన్ కంపెనీ వోల్వో 1960ల మధ్యలోనే సర్దుకునే నడుము ఆసరాను ముందు సీట్లలో తెచ్చింది. అప్పుడు మోటారు లేదు, తిప్పే మీట మాత్రమే.

మరో మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి మీద చేసిన కొలతల్లో, సడలి కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటి కంటే ఎక్కువ లేదని తేలింది. కాబట్టి కూర్చోవడమే విషమన్న భయం అక్కర్లేదు. కదలకుండా ఒకే భంగిమలో ఉండిపోవడం, దానికి బండి అదురు తోడవడం, ఇవీ అసలు చిక్కులు. కూర్చున్న మనిషి వెన్ను నిలువు అదురుకు సెకనుకు 4 నుంచి 6 సార్ల దగ్గర ఎక్కువగా స్పందిస్తుంది. ఆ అదురును లంబార్ ఆపలేదు. అది టైర్లు, సస్పెన్షన్, సీటు నురుగుల పని. దూర ప్రయాణంలో గంటకోసారి ఆసరాను కొద్దిగా మార్చడం, రెండు గంటలకోసారి దిగి నడవడం, ఈ రెండూ కలిపితేనే ఫలితం.

సందేహం: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థిని. పవర్ లంబార్ మార్కెట్ ఏటా ఇంత శాతం పెరుగుతుందని నివేదికలు వస్తున్నాయి. ఈ రంగంలో పని చేయాలంటే ఎక్కడ చూడాలి?

ఆ శాతాలను పక్కన పెట్టమ్మా. అవి దేన్ని లెక్కపెట్టాయో ముందు అడుగు. సీట్లనా, కార్లనా? మసాజ్ సీట్లు కలిపారా? లారీలు ఉన్నాయా? ఈ ప్రశ్నలకు జవాబు లేని శాతం మీద జీవితాన్ని నిలపవద్దు.

మార్కెట్ నిర్మాణం మాత్రం గట్టి విషయం. కారు మీద ఉన్న పేరు గల కంపెనీ సీటును చాలా సందర్భాల్లో బయటి నుంచే కొంటుంది. సీట్లు చేసేవి లియర్, అడియెంట్, ఫోర్వియా, మాగ్నా, టొయోటా బోషోకు వంటివి. ఈ వరుసలోని అడియెంట్ 2016లో జాన్సన్ కంట్రోల్స్ నుంచి విడివడింది. ఆ సీటు లోపలి లంబార్ యంత్రం మరో కంపెనీది కావచ్చు. లెగెట్ అండ్ ప్లాట్‌కు చెందిన షుక్రా ఆ కోవలోనిది. 2022లో ఒక్క ఏడాదిలోనే రెండు కొనుగోళ్లు జరిగాయి. కాంగ్స్‌బర్గ్ ఆటోమోటివ్ నుంచి సీటు సౌకర్యాల విభాగాన్ని లియర్ కొన్నది. సీటు వేడి, చల్లదనాలకు పేరున్న జెన్‌థెర్మ్, గాలి తిత్తుల పని తెలిసిన ఆల్ఫ్‌మైయర్‌ను కొన్నది. దీని అర్థం నువ్వు గ్రహించాలి. వేడి, గాలి, మసాజ్, నడుము ఆసరా విడివిడి భాగాలుగా కాక ఒకే పంపు, ఒకే కంట్రోలర్ చుట్టూ ఒకే వ్యవస్థగా మారుతున్నాయి.

అందుకే మెకానికల్ ఒక్కటే చాలదు. సీటు కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ‘లిన్’, ‘క్యాన్’ అనే డేటా వ్యవస్థలను నేర్చుకో. ఎలక్ట్రిక్ కార్లలో ఇంజిన్ చప్పుడు ఉండదు కాబట్టి చిన్న పంపు గుర్రుమన్నా చెవిన పడుతుంది. వేడెక్కితే కుంచించుకునే మిశ్రమ లోహపు తీగతో, చప్పుడు లేకుండా తెరుచుకునే వాల్వులు ఇప్పటికే ఉన్నాయి. అక్కడ చేయాల్సిన పని చాలా ఉంది. లారీ సీట్లనూ చూడు. బ్రేకుల కోసం బండిలో ఎలాగూ గాలి ఒత్తిడి ఉంటుంది కాబట్టి, దాన్నే వాడుకుని సీటును తేలించే, నడుము తిత్తిని నింపే ఏర్పాట్లు లారీల్లో మామూలు. అందరికంటే ఎక్కువ గంటలు కూర్చునే మనిషి లారీ డ్రైవరే. అతని నడుము గురించి ఆలోచించే ఇంజినీర్లు ఇంకా కావాలి.

సందేహం: నేను, మా అమ్మాయి ఒకే కారు నడుపుతాం. మెమరీ బటన్ నొక్కినా నడుము ఆసరా మాత్రం మా అమ్మాయి సెట్టింగ్‌లోనే ఉండిపోతోంది.

చాలా కార్లలో మెమరీ బటన్ సీటు స్థానాన్ని, అద్దాలను గుర్తుంచుకుంటుంది కానీ లంబార్‌ను గుర్తుంచుకోదు. ముఖ్యంగా గాలి రకంలో, తిత్తి ఎంత నిండిందో కొలిచే సెన్సర్ లేకపోతే కంట్రోలర్‌కు గుర్తుంచుకోవడానికి ఏమీ ఉండదు. వాహన పుస్తకంలో మెమరీ అధ్యాయం చూడండి, ఏవేవి గుర్తుంచుకుంటుందో అక్కడ రాస్తారు. లంబార్ పేరు లేకపోతే, పూర్తిగా ఖాళీ చేసి మీకు కుదిరేదాకా మీట ఎన్ని సెకన్లు నొక్కాలో ఒకసారి లెక్కపెట్టుకోండి. మీది ఆరు సెకన్లు, ఆమెది మూడు సెకన్లు అని తెలిస్తే, సీటు మారిన ప్రతిసారీ తడుముకోవాల్సిన పని ఉండదు.