వైనరీలకు వెళ్లే ముందు, అల్లుడూ

చిరంజీవి రవికి,

కిటికీ తీస్తే ద్రాక్షతోటలే కనిపించే చోటికి ఇల్లు మారానని రాశావు. ప్రతి ఆదివారం నాలుగైదు వైనరీలు, అంటే వైన్ తయారుచేసే చోట్లు, చుట్టేస్తానని కూడా రాశావు. ఆ పని నేను చేసి చూశాను కాబట్టి కాస్త నా మాట విను.

మొదటి ఆదివారం నేను ఐదు చోట్లు తిరిగాను. పోసినదల్లా మింగాను. మూడో చోటికే నాలుక మొద్దుబారింది, ఐదో చోట ఏది పోసినా అద్భుతం అనిపించింది. ఆ ఊపులో పన్నెండు సీసాల పెట్టె కొని తెచ్చి, వంటింట్లో ఫ్రిజ్ మీద పెట్టాను. వేసవి దాటాక మూత తీస్తే ఉడికిన పండ్ల వాసన. తప్పు ఆ వైన్ తయారుచేసినవాళ్లది కాదు, నాదే. వైన్‌కి చీకటి కావాలి, 12, 13 డిగ్రీల చల్లదనం కావాలి. బెండు బిరడా ఉన్న సీసాను పడుకోబెట్టాలి, లేకపోతే బిరడా ఎండిపోయి గాలి దూరుతుంది.

రోజుకు రెండు వైనరీలు చాలు. కడుపులో ఏదైనా పడ్డాకే వెళ్లు. ఉమ్మడానికి అక్కడ పాత్ర పెడతారు, మొహమాటపడకుండా వాడుకో. వైన్ చేసేవాళ్లు కూడా రుచి చూసి ఉమ్మేస్తారు, దాన్ని ఎవరూ అవమానం అనుకోరు. బండి నడిపేవాడు మాత్రం గ్లాసు ముట్టకూడదు. సెంటు కొట్టుకుని వెళ్లకు. పక్కవాళ్ల గ్లాసులో కూడా నీ సెంటు వాసనే వస్తుంది.

రుచి చూపేచోట వైన్ గురించిన కార్డు మీద తోలు, పొగాకు, చెర్రీ వాసనలని రాసి ఉంటుంది. అవన్నీ నీకు తెలియడం లేదని టెన్షన్ పడకు, సగం మందికి తెలియవు. మనకు పులుపు, వగరు అనే రెండు మాటలున్నాయి. ద్రాక్ష గింజ నమిలితే చిగుళ్లు పట్టేసినట్టు ఉంటుంది చూడు, రెడ్ వైన్‌లోని వగరు ఆ గింజల నుంచి, తొక్కల నుంచి వచ్చిందే. రంగు కూడా తొక్కదే. నల్లద్రాక్ష పిండితే చాలా రకాల్లో రసానికి రంగే ఉండదు. వైట్ వైన్‌కి తొక్కల్ని ముందే తీసేస్తారు కాబట్టి వగరు తగ్గి పులుపు పైకి తేలుతుంది. అందుకే "తొక్కలతో ఎన్ని రోజులు ఉంచారు?" అని అడిగి చూడు.

ఒక ముసురు రోజు, జనం లేని వేళ, నేను ఆ ప్రశ్న అడిగితే ఒకాయన జవాబు చెప్పలేదు. గాజు గొట్టం ఒకటి పట్టుకుని లోపలికి రమ్మన్నాడు. గొట్టాన్ని పీపాలో ముంచి, పైకొసను బొటనవేలితో మూసి, బయటికి లాగి నా గ్లాసులో వదిలాడు. తర్వాత పక్క పీపాలోంచి. ఒకే తోట, ఒకే ఏడాది. ఒకటి కొత్త పీపా, రెండోది పాతది. రుచికి పోలికే లేదు. ఆయన గోళ్ల సందుల్లో ఊదా రంగు అలాగే ఉండిపోయింది. ఒక్కో పీపా 225 లీటర్లు, అంటే 300 సీసాలు. అలాంటివి పదకొండు చూపించి, "నా ఏడాదంతా ఇదే" అన్నాడు.

పదకొండు పీపాల మనిషికి నువ్వు కొనే ఆరు సీసాలు లెక్కకొస్తాయి. అదే సీసా డీలరు, షాపు దాటి వస్తే ఇద్దరి వాటా పోగా మిగిలిందే ఆయనకు. గుమ్మం దగ్గర కొను, బేరమాడకు. రుచి చూపినందుకు డబ్బు అడిగితే ఇచ్చెయ్యి. హోటల్‌కి వెళ్తే ఇక్కడి వైన్ ఉందా అని అడుగు. నలుగురు అడిగితే వాళ్లే తెప్పిస్తారు. ఊరి సరుకని చిన్నచూపు వద్దు. 1976లో పారిస్‌లో పేర్లు దాచి రుచి చూపిస్తే, ఫ్రెంచి జడ్జీలే అమెరికాలోని నాపా లోయ వైన్లకు మొదటి స్థానం ఇచ్చారు. అప్పటికి ఆ లోయ పేరు ప్రపంచానికి పెద్దగా తెలియదు.

పాడైన ఏళ్లలో మొహం చాటేయకు. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో మంచుకు లేత చిగుళ్లు మాడిపోయాయి. 2020లో ద్రాక్షకు కార్చిచ్చుల పొగ పట్టి, నాపాలో చాలామంది రెడ్ వైన్ చేయడమే మానుకున్నారు. అలాంటప్పుడు వాళ్ల దగ్గర మిగిలిన పాత ఏళ్ల సీసాలు కొను. కొత్తగా తీగ నాటితే కాపుకు మూడేళ్లు పడుతుంది, అన్నాళ్లూ ఖర్చే.

సీసా తీస్తే తడి అట్టపెట్టె వాసన వచ్చిందనుకో, అది సాధారణంగా బిరడా వల్ల వచ్చే లోపం. ఆన్‌లైన్‌లో తిట్టకుండా, నెమ్మదిగా ఆ వైన్ చేసినాయనకే చెప్పు. చాలామంది మార్చి ఇస్తారు. కోతల రోజుల్లో వెళ్లాలంటే ఫోన్ చేసి వెళ్లు, వాళ్లకు నిద్రే ఉండదు. పులుస్తున్న తొట్టి మీదికి వంగి ముక్కు మాత్రం పెట్టకు. అక్కడ కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ఉంటుంది, మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

వాళ్లను ఆదుకోవాలని ఎక్కువ తాగమనడం లేదు. మందు ఏ కొంచెమైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం కాదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. తాగే ఆ కాస్తా ఎవరి దగ్గర కొంటున్నావన్నదే నా గొడవ.

వచ్చే నెల నేను వస్తాను. నీకు నచ్చిన సీసా ఒక్కటి తీసి ఉంచు, అది చేసినాయన దగ్గరికి నన్ను తీసుకెళ్లు. మీ అమ్మకు ఈ ఉత్తరం చూపించకు.

మీ మామయ్య