1901లో మిచిగాన్ జట్టు నిజంగా ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదా?

అమెరికాలోని మిచిగాన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు (కాలితో ఆడేది కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్) 1901లో ఆడినవన్నీ గెలిచిందట, ఎదుటివాళ్లకి ఒక్క పాయింటు కూడా దక్కలేదట, నిజమేనా, లేక ఊరూ పేరూ లేని జట్లతో ఆడారా అని అడిగారు. నిజమేనండి. 11 మ్యాచ్‌లు, 11 గెలుపులు. మొత్తం 550–0.

నేను ఆ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్ ఊళ్లోనే ఎమ్మెస్ చదివాను. స్టేట్ స్ట్రీట్‌లో ఐస్ హాకీ ఆడే యోస్ట్ అరీనా ముందు నుంచే రోజూ నడిచి వెళ్లేవాణ్ణి. ఆ యోస్ట్ ఎవరన్నది మాత్రం నాన్నగారు వచ్చాకే తెలుసుకున్నాను. ఆయన్ని ఒక శనివారం మ్యాచ్‌కి తీసుకెళ్తే, కాసేపు చూసి, "ఇది మన కబడ్డీ లాగే ఉందిరా, చేతిలో బంతి ఒకటి ఎక్కువ" అన్నారు. ఆ మాట పట్టుకునే ఈ ఆట పాత సంగతులు చదవడం మొదలుపెట్టాను.

1901 నాటి ఆటకి ఆ పోలిక ఇంకా బాగా కుదురుతుంది. అప్పట్లో బంతిని ముందుకి విసరకూడదు, ఆ అనుమతి 1906లో గానీ రాలేదు. మూడు ప్రయత్నాల్లో ఐదు గజాలు దాటాలి. టచ్‌డౌన్‌కి, అంటే బంతిని ఎదుటివాళ్ల చివరి గీత దాటిస్తే, 5 పాయింట్లే. బంతి చంకలో పెట్టుకుని మనుషుల గోడని తోసుకుంటూ పోవడమే ఆట. అలాంటి ఆటలో బఫలో జట్టు మీద 128 కొట్టారు!

ఆ అరీనాకి పేరిచ్చిన కోచ్ ఫీల్డింగ్ యోస్ట్‌కి మిచిగాన్‌లో అదే మొదటి ఏడాది. "త్వరగా, త్వరగా" అని కుర్రాళ్ల వెంట పడేవాడు, అందుకే ఆయనకి 'హర్రీ అప్' యోస్ట్ అనే పేరు స్థిరపడిపోయింది. నా ఉద్దేశంలో అసలు రహస్యం ఆ వేగమే.

ఇక ఎదుటి జట్ల సంగతి. చిన్న కాలేజీలు ఉన్న మాట వాస్తవమే. కానీ షికాగో మీద 22–0, ఒహాయో స్టేట్ మీద 21–0. అంతకుముందు ఏడాది ఓటమే ఎరగని అయోవా మీద 50–0. ఒకటే లోటు. విస్కాన్సిన్ కూడా ఆ ఏడాది తొమ్మిదికి తొమ్మిదీ గెలిచింది, ఈ రెండు జట్లూ మాత్రం తలపడలేదు. ఆ మ్యాచ్ జరిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

చివరి మ్యాచ్ 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగింది. అక్కడి గులాబీల పండగలో పెట్టే 'రోజ్ బౌల్' ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో మొట్టమొదటిది అదే. మిచిగాన్ చలిలోంచి రైల్లో అంత దూరం వెళ్లి, మొదలుపెట్టిన పదకొండు మందే చివరిదాకా ఆడారు, ఒక్కర్ని కూడా మార్చలేదు. నీల్ స్నో ఒక్కడే ఐదు టచ్‌డౌన్లు చేశాడు. స్కోరు 49–0 అయ్యాక, ఇంకా ఎనిమిది నిమిషాల ఆట మిగిలి ఉండగానే స్టాన్‌ఫర్డ్ కెప్టెన్ ఇక ఆపేద్దామని అడిగాడు. ఆపేశారు. 1900లో అదే స్టాన్‌ఫర్డ్‌కి కోచ్‌గా ఉన్నది కూడా యోస్టే! ఆ తర్వాత 1916 దాకా ఆ పండగలో మళ్లీ ఫుట్‌బాల్ పెట్టలేదు.

ఇదంతా ఫోన్‌లో నాన్నగారికి చెబితే చివరిదాకా విని, "పాపం, ఆ స్టాన్‌ఫర్డ్ పిల్లలు ఆ రాత్రి అన్నం తిన్నారో లేదో" అన్నారు.