తేదీ లేని పాట ఏ దశాబ్దానిదో పోల్చుకోవడం

వివరాలేవీ లేని పాటల ఫైళ్లు మీ దగ్గర చాలా ఉన్నాయనీ, బాణీని బట్టి అవి ఏ దశాబ్దానివో తేల్చుకోలేకపోతున్నాననీ రాశారు. బాణీని కాసేపు పక్కన పెట్టి ముందు డ్రమ్స్ వినండి. పాటను ధ్వనిముద్రణ చేసిన తీరే చాలావరకు దాని కాలాన్ని పట్టిస్తుంది. స్నేర్ డ్రమ్ (డ్రమ్ సెట్‌లో పదునుగా ఠప్పున మోగే డ్రమ్) దెబ్బ గదంతా మారుమోగినంత పెద్దగా లేచి, ఆ మోత మెల్లగా సన్నగిల్లకుండా కత్తిరించినట్టు ఠక్కున ఆగిపోతే, అది 1980లలో విపరీతంగా వాడిన గేటెడ్ రివర్బ్. నేనైతే ఆ ఒక్క గుర్తుతోనే సగం నిర్ణయానికి వస్తాను. దానికి 1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్‌లోని గంటల్లాంటి ఎలక్ట్రిక్ పియానో స్వరం కూడా తోడైతే అనుమానం ఇంకా తగ్గుతుంది, అయితే ఆ ధ్వనిని ఇష్టపడి నేటికీ అనుకరించేవారు ఉన్నారు.

గొంతు ఒక స్వరం నుంచి మరో స్వరానికి జారకుండా యంత్రంలా టక్కున మారుతుంటే, అది చాలావరకు 1997లో వచ్చిన, గొంతులోని శ్రుతిని సరిచేసే ఆటో-ట్యూన్ సాఫ్ట్‌వేర్ పనే. గొంతు ఒక చెవిలోనూ వాయిద్యాలు మరో చెవిలోనూ వినిపిస్తే 1960ల నాటి స్టీరియో కావచ్చు. పాత పాటలను రీమాస్టర్ చేసేటప్పుడు, అంటే పాత రికార్డింగుకు మెరుగులు దిద్ది మళ్లీ సిద్ధం చేసేటప్పుడు, ధ్వని స్థాయి పెంచుతుంటారు గనుక, శబ్దతీవ్రతను మాత్రం ఆధారంగా తీసుకోకండి.