ఆన్‌లైన్‌లో గీతా చర్చకు యాప్ ఏది మంచిది? ముందు శ్లోకాల లెక్క తేల్చుకోండి

ప్రశ్న: "మాది విశాఖపట్నం మధురవాడ. మా అపార్ట్‌మెంట్ వాళ్లూ, అమెరికాలో ఉన్న పిల్లలూ కలిసేలా వారానికోసారి ఆన్‌లైన్‌లో భగవద్గీత చర్చ పెట్టాలనుకుంటున్నాను. జూమ్ మంచిదా, గూగుల్ మీట్ మంచిదా? ఎలా మొదలుపెట్టాలి?"

యాప్ ఏదైనా ఒకటేనండి. జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలకు గీత గీస్తారు, మీట్‌లో గంట ఇస్తారు. రెండింట్లోనూ 100 మంది పడతారు గానీ మీకు 15 మంది చాలు. అంతకు మించితే అది చర్చ కాదు, సభ. మీట్ తీసుకుని ఆ సంగతి అక్కడితో వదిలేయండి. ఇలాంటివి ఆగిపోయేది యాప్ వల్ల కాదు. ఎన్ని శ్లోకాలు, ఏ పుస్తకం, ఎవరు ఎంతసేపు మాట్లాడాలి అన్న మూడూ ముందే తేల్చుకోకపోవడం వల్ల.

అందరూ చేసే పని మొదటి శ్లోకం "ధర్మక్షేత్రే" దగ్గర కొబ్బరికాయ కొట్టడం. మొదటి అధ్యాయంలో 47 శ్లోకాలు, రెండోదాంట్లో 72. వారానికి అయిదు చొప్పున ఈ రెండింటికే దాదాపు ఆరు నెలలు పడుతుంది. మొత్తం 700కి 140 వారాలు, అంటే రెండేళ్ల ఎనిమిది నెలల పైమాటే. మొదటి అధ్యాయంలో వీరులు ఊదే శంఖాల పేర్ల దగ్గరే సగం మంది జారుకుంటారు. మీరు 12వ అధ్యాయంతో మొదలుపెట్టండి. 20 శ్లోకాలు, అయిదు వారాలు. అయిదు వారాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు, ఒప్పుకున్నాక మానరు.

పంచుకునేటప్పుడు నాలుగేసి చొప్పున కోసేయకండి. 3, 4 కలిపి ఒకే వాక్యం. 6–7, 13–14, 18–19 కూడా అంతే. మధ్యలో ఆపితే కర్త ఒక వారం, క్రియ ఇంకో వారం వస్తాయి. 1–4, 5–7, 8–12, 13–16, 17–20. ఇలా పెట్టుకుంటే ఏదీ విరగదు.

పుస్తకం అందరికీ ఒకటే ఉండాలి. తాత్పర్యం మాట అటుంచండి, శ్లోకాల అంకెలే కలవవు. 13వ అధ్యాయం మొదట్లో "ప్రకృతిం పురుషం చైవ" అన్న అర్జునుడి ప్రశ్న కొన్ని ప్రతుల్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఉన్నచోట ఆ అధ్యాయానికి 35 శ్లోకాలు, మొత్తం 701. లేనిచోట 34, 700. మీరు "పదమూడులో రెండు" అనగానే ఒకరు ఒకటి తీస్తారు, ఇంకొకరు ఇంకోటి తీస్తారు, పావుగంట అందులోనే పోతుంది. 12వ అధ్యాయంలో ఈ గొడవ లేదు, అక్కడ మొదలుపెట్టమనడానికి అదీ ఒక కారణం.

తెరమీద చూపించేదానికి ఒక పేజీలో ఒక్కటే శ్లోకం పెట్టండి, కింద ప్రతిపదార్థం. లాప్‌టాప్‌లో బాగున్న పేజీ ఫోన్‌లో చీమల బారులా కనిపిస్తుంది, మీ వాళ్లలో ముప్పావు వంతు ఫోన్‌లోనే ఉంటారు. ఇంకో మాట. డీటీపీ సెంటర్ నుంచి తెచ్చే పాత ఫైళ్లు "అను" అనే పేరున్న పాతతరం ఫాంట్లలో ఉంటాయి. అందులోంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే తెలుగు బదులు ఏవో పిచ్చి గుర్తులు పడతాయి. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయించుకోండి, లేదా పేజీ ఫొటో తీసి పెట్టండి.

ఇక పారాయణ. అందరూ కలిసి గొంతెత్తి చదువుదామని ఉబలాటం ఉంటుంది. ఆన్‌లైన్‌లో అది జరగదు. గాజువాకలో అన్న మాట సర్వర్ దాకా వెళ్లి మధురవాడకు వచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. ఆ వినిపించినదానికి జత కలుపుదామని మీరు ఆగుతారు, మీ ఆలస్యం విని వాళ్లూ ఆగుతారు, నాలుగో పాదానికి అంతా సాగిపోతుంది. పైగా గట్టిగా వినిపించే ఒక గొంతు తప్ప మిగతావాటిని యాప్ అణిచేస్తుంది. తంబురా శ్రుతినీ గంటనీ కూడా రొద అనుకుని తుడిచేస్తుంది. నాయిస్ కేన్సిలేషన్ ఆప్షన్ కనిపిస్తే చదివేవాళ్ల దగ్గర ఆపించండి. మైకు ఒక్కరికే ఉంచి, మిగతావాళ్లు మ్యూట్‌లో ఇంట్లోనే వెనకాల అనుకోవాలి. శ్లోకానికి 15 సెకన్లు వేసుకున్నా 20 శ్లోకాలకు అయిదు నిమిషాలే, ప్రతివారం అధ్యాయమంతా చదవచ్చు. భార్యాభర్తలు ఒకే గదిలో రెండు ఫోన్లతో చేరితే కీచుమని మోగుతుంది. ఒక ఫోన్ మూసేయమని మొహమాటం లేకుండా చెప్పండి.

55 నిమిషాల లెక్క ఇది: చేరడానికి 5, పారాయణ 5, ప్రతిపదార్థం 10, చర్చ 30, వచ్చేవారం ప్రశ్న 5. ప్రశ్న గురువారానికల్లా గ్రూపులో మళ్లీ పెట్టండి. "ఈ శ్లోకం మీకెలా అనిపించింది" లాంటిది కాదు, పుస్తకం తెరిస్తే గానీ జవాబు దొరకనిది.

అలాంటి ప్రశ్నకు మూడోవారమే అసలు సరుకు. 8లో నా మీదే మనసు నిలుపు అంటాడు కృష్ణుడు. అది చేతకాకపోతే అభ్యాసం చెయ్యి, 9. అదీ కాకపోతే నా కోసం పనులు చెయ్యి, 10. అదీ కాకపోతే కర్మఫలం వదిలెయ్యి, 11. మెట్టు మెట్టూ దిగుతున్నట్టే ఉంటుంది. తీరా 12కి వచ్చేసరికి అభ్యాసం కంటే జ్ఞానం, జ్ఞానం కంటే ధ్యానం, ధ్యానం కంటే కర్మఫలత్యాగం మేలు, త్యాగం వెంటే శాంతి అంటాడు. అడుగుమెట్టు పైకెలా వచ్చింది? వచ్చేవారం ప్రశ్న ఇదే.

ఆ రోజు ఏం జరుగుతుందో ఇప్పుడే చెబుతాను. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన ఆయన ఒకరు "అదేనండీ, డ్యూటీ చేసుకుంటే చాలన్నాడు స్వామి" అని తేల్చేస్తారు. రోజూ ధ్యానంలో కూర్చునే ఆవిడకు అది గుచ్చుకుంటుంది. మూడో ఆయన ఎవరిదో ప్రవచనం లింకు చాట్‌లో పడేస్తారు. అప్పుడు మీరు చెయ్యాల్సింది 8 నుంచి 12 వరకు అయిదూ ఒకే తెరమీద పెట్టడం. ఈ ఒక్కరోజే ఒక పేజీకి ఒక శ్లోకం నియమం సడలించండి. ఆ ఇద్దరినీ వరుసగా, తమ అభిప్రాయం కలపకుండా, అయిదు శ్లోకాలూ ఏ క్రమంలో ఏం చెప్పాయో చెప్పమనండి. సగం వేడి అక్కడే దిగుతుంది. ఆ తర్వాత భాష్యాలు, ఒక్కోదానికి రెండు నిమిషాలు. శంకరులు దీన్ని స్తుతి అన్నారు: ముందు చెప్పినవి చెయ్యలేక కర్మలో ఉన్నవాడికి ఉత్సాహం కలగడానికి త్యాగాన్ని పొగడటం. రామానుజులు, ఇంకా పండని ధ్యానం కంటే ఫలం వదిలి చేసే కర్మే మేలు, మనసు శాంతించి ధ్యానానికి దారి అదే తీస్తుంది అన్నారు. "రెండూ ఒకటే చెబుతున్నాయండీ" అని ఎవరైనా సర్దబోతే ఆపండి. ఒకటి చెప్పట్లేదు. ఆ తేడా వినడానికే ఇంతమంది కూర్చున్నారు. తీర్పు మాత్రం మీరివ్వకండి.

మాట్లాడేవారికి మూడు నిమిషాలు, అందరికీ కనిపించేలా టైమర్. వయసులో పెద్దవాళ్లను మధ్యలో ఆపడానికి మనకు నోరు రాదు, టైమర్ మోగితే వాళ్లే ఆగుతారు. ఒక్కరికి మినహాయింపు ఇచ్చారా, మరుసటి వారం నుంచి అది ఆయన ప్రవచనమే. వాట్సాప్ గ్రూపును నిర్వాహకులు మాత్రమే పోస్ట్ చేసేలా పెట్టండి. లేకపోతే శుభోదయం గులాబీల కింద గురువారం ప్రశ్న పూడుకుపోతుంది. లింకు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. రికార్డు చెయ్యాలంటే అందర్నీ అడిగే చెయ్యండి.

వేళ శనివారం రాత్రి 8 గంటలు. అప్పుడు న్యూయార్క్‌లో శనివారం ఉదయం 10:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారం మారాక 9:30, మార్చి రెండో ఆదివారం నుంచి మళ్లీ 10:30. ఈ రెండు తేదీలూ గ్రూపులో ముందే రాసిపెట్టండి. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు ఏడున్నరకే టిఫిన్ కానిచ్చేస్తారు, ఇబ్బంది లేదు. గురువారం మాత్రం పెట్టకండి, మార్గశిరంలో ఆడవాళ్లంతా బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గర ఉంటారు. సింహాచలం గిరిప్రదక్షిణ శనివారం పడితే సెలవు ఇచ్చేయండి, 32 కిలోమీటర్లు నడిచేవాళ్లు ఫోన్ తియ్యరు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను రోజులు ఉంటాయి. 2014 హుద్‌హుద్ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. నడిపే బాధ్యత వేరే ఊళ్లో ఉన్న ఒకరికి కూడా అప్పగించి ఉంచితే మీ ఇంట్లో కరెంటు పోయినా వాళ్లు కొనసాగిస్తారు.

అయిదు వారాలూ అయ్యాక 15వ అధ్యాయం పట్టండి, అదీ 20 శ్లోకాలే. అందులో 2 నుంచి 5 వరకూ, మళ్లీ 15వదీ పొడుగు పాదాలు. పాదానికి ఎనిమిది అక్షరాలుండే అనుష్టుప్ ఛందస్సు బాణీ వాటికి సరిపోదు. పారాయణ చేసేవారికి ఒక వారం ముందే చెప్పండి.