సింబాకు బొమ్మ కొనే ముందు

హన్మకొండ,
ఏప్రిల్ నెల

బిడ్డా,

మీ లాబ్రడార్ కుక్క సింబా కొత్త పజిల్ బల్లతో ఆడుతున్నట్టు నువ్వు పంపిన వీడియో మూడుసార్లు చూశాను. ముందు ఒక మాట చెప్పు. వాడు కొరికిన ఆ ప్లాస్టిక్ మూత ముక్కలన్నీ దొరికాయా? ఒక్కటి తక్కువైనా రెండు మూడు రోజులు వాడి విరేచనం చూస్తూ ఉండు. వాంతులు చేసుకున్నా, తిండి ముట్టకపోయినా, రేపు చూద్దాంలే అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపో.

ఇక నీ ఫిర్యాదు సంగతి. "పెద్దమ్మా, వీడికి బుర్ర లేదేమో" అని రాశావు. నాకైతే వాడి బుర్ర బాగానే పనిచేస్తున్నట్టు కనబడింది. మూతల కింద తిండి గింజలు దాచిన ఆ బల్లను తలకిందులు చేస్తే అన్నీ రాలతాయని రెండు నిమిషాల్లో కనిపెట్టాడు కదా! ఆ రకం బల్లలకు పేరు తెచ్చింది స్వీడన్‌కు చెందిన నీనా ఒట్టోసన్. ఆవిడ పేరుతో వచ్చేవాటికి 1 నుంచి 4 దాకా స్థాయిలు ఉంటాయి. నువ్వు కొన్నదాని డబ్బా మీద కూడా ఏదో ఒక అంకె ఉంటుంది, చూడు. నా అంచనా 3. అ ఆలు దిద్దించకుండా పిల్లాణ్ని పదో తరగతి పరీక్షకు కూర్చోబెట్టావు.

కుక్కకు మొదటి వారమంతా గెలుపే దొరకాలి. గింజలు కళ్లకు కనబడుతూ, ముక్కుతో ఒక్క తోపు తోస్తే బయటపడేట్టు ఉండాలి. మూతలన్నీ తెరిచే పెట్టు. వారం గడిచాక ఒకటి మూయి, తర్వాత ఇంకొకటి. వాడు మొరుగుతున్నాడంటే, బల్లను కొరుకుతున్నాడంటే, వదిలేసి వచ్చి నీ ముఖం చూస్తున్నాడంటే లెక్క కష్టమైందని అర్థం. వెంటనే ఒక మెట్టు దించు. "వాడే నేర్చుకుంటాడులే" అని చేతులు కట్టుకొని కూర్చుంటే వాడు నేర్చుకునేది బల్లను విరగ్గొట్టడమే.

లాబ్రడార్ తిండి కోసం ఏమైనా చేస్తుంది, అందుకే ఈ బొమ్మలు దానికి బాగా పనికొస్తాయి. ఆ తిండియావలో కొంత పుట్టుకతోనే వస్తుంది. ఆ జాతి కుక్కల్లో సుమారు నాలుగో వంతుకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుందని, అలాంటివి తిండి కోసం మరీ ఎగబడతాయని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు. మా బ్రౌనీ కచ్చితంగా ఆ బాపతే. ఆరేళ్లకు పీపాలా తయారైంది. తప్పు నాదే. గిన్నెలో పూర్తి తిండి పెట్టి, పైనుంచి బొమ్మల్లో బిస్కెట్లు నింపేదాన్ని. నువ్వు పొద్దున్నే ఆ రోజు పెట్టాల్సిన గింజలన్నీ ఒక డబ్బాలోకి కొలిచి పెట్టుకో. బొమ్మలోకి వెళ్లేవి అందులోంచే తియ్యి. ట్రీట్లంటూ వేరే ఇస్తే అవి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

ఇప్పుడు కొనే సంగతి. పెట్ షాపుకు పోయే ముందు వాడు ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేస్తాడో రెండు రోజులు చూడు. కొన్ని కుక్కలు నేలంతా వాసన చూస్తూ తిరుగుతాయి, కొన్ని ఏది దొరికితే అది చీలుస్తాయి, కొన్ని గంటల తరబడి నాకుతూ కూర్చుంటాయి. మా లాలి ఊరకుక్క. దానికి ఎంత ఖరీదైన బల్ల ఇచ్చినా కన్నెత్తి చూడదు, గడ్డిలో నాలుగు గింజలు చల్లితే మాత్రం అరగంట వెతుకుతుంది. మీ సింబా నీ సోఫాకు చేసిన గతిని బట్టి చూస్తే నమిలే రకం. వాడికి ముందు కావలసింది లోపల తిండి నింపే రబ్బరు బొమ్మ. సన్న మూతలు, జరిపే బిళ్లలు ఉన్న ప్లాస్టిక్ బల్లలు నువ్వు పక్కన కూర్చున్నప్పుడే.

ఈ రబ్బరు బొమ్మలు పుట్టింది కూడా ఇలాంటి కుక్క వల్లే. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. రాళ్లు నమిలి పళ్లు అరగదీసుకునేది. ఆయన తన ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ బాగుచేసుకుంటూ విప్పి పడేసిన ఒక రబ్బరు ముక్కను అది పట్టుకొని ఇక వదల్లేదు. దాన్ని చూసే కాంగ్ బొమ్మ తయారుచేశాడు.

షాపులో బొమ్మ చేతిలోకి తీసుకోగానే బొటనవేలి గోరుతో నొక్కు. కొంచెం కూడా దిగకపోతే అది పంటికి గట్టి, వెనక దవడ పన్ను చీలిపోతుంది. తర్వాత రంధ్రాలు చూడు. లోపల ఖాళీగా ఉన్న బొమ్మకు ఒకటే రంధ్రం ఉంటే కొనకు. నాలుక లోపలికి పెట్టి నాకుతుంటే గాలి పీల్చుకుపోయి నాలుక అందులోనే ఇరుక్కుంటుంది, వాచి ఇక బయటికి రాదు. అవతలి వైపు గాలి ఆడటానికి ఇంకో రంధ్రం ఉండాలి. సైజు విషయంలో పీనాసితనం వద్దు. వాడు ఇంకా పెరుగుతున్నాడు, ఇప్పటి నోటికి సరిపోయింది ఆర్నెల్లలో గొంతులోకి జారుతుంది. పెద్ద లాబ్రడార్ సైజే తీసుకో.

గొంతు అంటే గుర్తొచ్చింది. ఓ వానాకాలం మక్క కంకులు కాల్చుకొని తిని, బ్రౌనీ నాకుతుంది కదా అని ఒక బెండు దాని ముందు పడేశాను. అదీ ఒక బొమ్మేగా అనుకున్నాను. రెండు నమిళ్లు నమిలి మింగేసింది. నాలుగో రోజుకు నీళ్లు కూడా కక్కడం మొదలుపెట్టింది. ఆపరేషన్ చేసి పేగులోంచి ఆ బెండు తీశారు. కుట్లు ఆరేదాకా నాకు నిద్ర లేదు. మామిడి టెంక కూడా అంతే. ఉడికించిన కోడి బొక్కలైతే సూదుల్లా చీలతాయి. మన ఇళ్లల్లో కుక్కకు ప్రేమగా పడేసేవి ఇవే.

డబ్బు పెట్టకుండా ఆడించడానికీ చాలా ఉంది. పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో తలా నాలుగు గింజలు వేసి, వాటి మీద వాడు మింగలేనంత పెద్ద రబ్బరు బంతులు పెట్టు. బంతి తోస్తేనే తిండి. పాత తువ్వాలులో గింజలు చల్లి చాపలా చుట్టు. పార్సిల్ అట్టపెట్టెలో కాగితాలు కూరి మధ్యలో గింజలు వెయ్యి, చీల్చే సరదా అక్కడ తీర్చుకుంటాడు. టేపులు, పిన్నులు ముందే పీకెయ్యి. నేను కొత్తవాడ శత్రంజి, అదే నూలు జంపఖానా, పాతదొకటి ముడతలు ముడతలుగా పరిచి అందులో గింజలు దాస్తాను, లాలికి పండగే. కానీ నమిలే కుక్కకు అది ఇవ్వను. నూలు పోగు మింగితే పేగులను ముడతలు పెట్టి కోసేస్తుంది. అందుకే మీ ఇంట్లో శత్రంజి అంచులు ఊడుతుంటే వాడి దగ్గరికి రానివ్వకు.

ఎండలు ముదురుతున్నాయి. పొద్దున ఆరున్నర దాటాక వాణ్ని రోడ్డు మీద నడిపించకు, సాయంత్రం కూడా తారు చల్లబడిందో లేదో అరచెయ్యి ఆనించి చూసుకో. నడక తగ్గినప్పుడే ఈ బొమ్మలు ఎక్కువ అక్కరకొస్తాయి. రబ్బరు బొమ్మలో ఉప్పు లేని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడి ముక్కలు కూరి ఫ్రీజర్‌లో పెట్టు. మధ్యాహ్నం అలా గడ్డకట్టింది ఇస్తే నాక్కుంటూ పడి ఉంటాడు. మొదటిసారి మాత్రం మెత్తగానే ఇవ్వు. పెరుగు వాడికి పడుతుందో లేదో కొంచెం పెట్టి చూసుకో. ఉల్లి, వెల్లుల్లి, కిస్మిస్, చాక్లెట్ అందులోకి పోకూడదు. పల్లీల వెన్న కొంటే సీసా మీద చదువు, చక్కెర బదులు వేసే జైలిటాల్ అని ఉంటే కుక్కకు విషం. తిన్న వెంటనే సీసా కడిగే బ్రష్‌తో లోపలిదాకా కడగాలి, లేకపోతే మరుసటి రోజు బొమ్మ నిండా చీమలే.

ఇంకోటి. బొమ్మతో ఉన్నప్పుడు నువ్వు దగ్గరికి పోతే గుర్రుమంటున్నాడా? లాక్కోకు, తిట్టకు. ఇంకా మంచి ముక్క ఒకటి దూరంగా వేసి, వాడు అటు పోయాక తీసుకో. మీ పక్క ఫ్లాటు పిల్లలు వచ్చినప్పుడు ఈ బొమ్మలు అసలు బయటికి తియ్యకు.

మీరిద్దరూ డ్యూటీకి పోతే వాడు తొమ్మిది గంటలు ఒంటరి. ఏ బొమ్మా అరగంటకు మించి గడవదు, మిగతా ఎనిమిదిన్నర గంటలు దాని మీద నెట్టకు. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి తిప్పే ఏర్పాటు చూడు. నాలుగు బొమ్మలుంటే ఒకటే బయట ఉంచి మూడు దాచు, రెండు రోజులకోసారి మార్చు.

ఆ 3 నంబరు బల్లను పారెయ్యకు. విరిగిన మూత తీసేసి అటకెక్కించు. దసరాకు వచ్చేటప్పుడు పట్టుకురా, అప్పటికి వాడికి ఒంట్లో, బుర్రలో జర నిలకడ వస్తుంది. లాలి ఎలాగూ దాన్ని ముట్టదు. కోడలిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ