హీటరులో తగ్గే కరెంటు మోటారులో ఎందుకు పెరుగుతుంది?

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగరం దగ్గరి పల్లె. నీళ్లు కాచుకోవడానికి 230 వోల్టులు, 1000 వాట్లు అని రాసి ఉన్న రాడ్డు హీటరు వాడుతున్నాము. సాయంత్రం వేళ మా ఇంట్లో వోల్టేజి 190కి పడిపోతుంది. హీటరు వేయగానే 180 అవుతుంది. వోల్టేజి తగ్గితే కరెంటు పెరుగుతుందని మా ఊరి ఎలక్ట్రీషియను అంటాడు. వోల్టేజిని బట్టే కరెంటు మారుతుందనే ఓమ్ నియమం ప్రకారం కరెంటు కూడా తగ్గాలని పర్లాకిమిడి కాలేజీలో చదివే మా అమ్మాయి వాదిస్తుంది. ఎవరి మాట సరైనది? వోల్టేజి తగ్గితే బిల్లు తగ్గుతుందా?

జవాబు: మీ హీటరు విషయంలో మీ అమ్మాయి మాటే సరైనది. అయితే ఎలక్ట్రీషియను మాటను కొట్టిపారేయకండి. ఆయన మోటారును దృష్టిలో పెట్టుకుని చెప్పి ఉంటారు.

వోల్టేజిని కరెంటుతో గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, ఓమ్‌లలో వస్తుంది. హీటరు మీద రాసిన 1000 వాట్లను 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు, 230ని ఆ 4.35తో భాగిస్తే దాదాపు 52.9 ఓమ్‌లు వస్తాయి. హీటరు లోపలి నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగ వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు కాబట్టి, 180 వోల్టుల దగ్గర కూడా 52.9 ఓమ్‌లే ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. అప్పుడు కరెంటు 3.4 ఆంపియర్లకు, సామర్థ్యం సుమారు 612 వాట్లకు దిగుతాయి. వోల్టేజి 22 శాతం తగ్గితే సామర్థ్యం 39 శాతం తగ్గిందన్నమాట. వోల్టేజితో పాటు కరెంటు కూడా అదే నిష్పత్తిలో తగ్గడమే ఇందుకు కారణం. వోల్టేజి తగ్గితే హీటరులో కరెంటు పెరుగుతుందనుకునేవారి పొరపాటంతా 1000 వాట్లను మారని సంఖ్యగా పట్టుకుని 180తో భాగించడంలోనే ఉంది. హీటరు మీద రాసిన వాట్లు 230 వోల్టులు అందినప్పటి మాట మాత్రమే.

మోటారు సంగతి వేరు. పంపు పైకి తోడవలసిన నీరు తోడవలసిందే కాబట్టి, వోల్టేజి తగ్గినప్పుడు తన మీది భారాన్ని మోయడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఉదాహరణకు 7 ఆంపియర్లు తీసుకునే మోటారు 9 ఆంపియర్లు తీసుకుంటే, మోటారు లోపలి తీగ చుట్టల్లో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. తక్కువ వోల్టేజిలో మోటార్లు కాలిపోవడానికి ముఖ్య కారణం ఇదే. పైగా మోటారుకు వోల్టేజిని కరెంటుతో గుణించినంత మాత్రాన వాట్లు రావు, పవర్ ఫ్యాక్టరుతో (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతును చెప్పే, ఒకటికి మించని సంఖ్యతో) కూడా గుణించాలి. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేది చుట్ట నిరోధమూ కాదు.

ఇక బిల్లు. పది లీటర్ల నీటిని 25 నుంచి 60 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.4 యూనిట్ కావాలి. 1000 వాట్ల దగ్గర ఆ పని దాదాపు 24 నిమిషాల్లో, 612 వాట్ల దగ్గర 40 నిమిషాల్లో అవుతుంది. ఖర్చయ్యే యూనిట్లు మాత్రం ఒకటే. ఆలస్యమైనకొద్దీ బకెట్టు నుంచి పోయే వేడి వల్ల ఇంకొంచెం ఎక్కువే కావచ్చు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వేరొకటి. హీటరు వేయగానే 10 వోల్టులు పడిపోతున్నాయంటే, ఆ పది వోల్టులను 3.4తో భాగించండి: దాదాపు 3 ఓమ్‌ల నిరోధం దారిలో ఎక్కడో ఉంది. అక్కడ 34 వాట్లు వేడిగా పోతున్నాయి. అది స్తంభం నుంచి వచ్చే పొడవాటి సర్వీసు తీగలో పరచుకుని ఉంటే నష్టమే తప్ప ప్రమాదం తక్కువ. అంతా ఒక వదులు జాయింటులోనో సాకెట్టులోనో పోగైతే మాత్రం అక్కడి ప్లాస్టిక్ కరిగి మంట అంటుకోవచ్చు. హీటరు నడుస్తుండగా మీటరు దగ్గరా సాకెట్టు దగ్గరా వోల్టేజి కొలవమని ఆ ఎలక్ట్రీషియనునే అడగండి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే లోపం మీ ఇంటి వైరింగులోనే ఉంది. వెంటనే బాగు చేయించండి. హీటరు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసిన తరువాతే నీళ్లలో చెయ్యి పెట్టాలని ఇంట్లో అందరికీ చెప్పండి.

ప్రశ్న: పాత 100 వాట్ల బల్బు నిరోధం లెక్క ప్రకారం 529 ఓమ్‌లు రావాలి. మల్టీమీటరు 38 చూపించింది. మీటరు చెడిపోయిందా? — ప్లస్ టూ విద్యార్థి, రాయగడ

జవాబు: మీటరు బాగానే ఉంది. అది కొలిచింది చల్లని టంగ్‌స్టన్ తీగను. మీ లెక్క వెలుగుతున్న తీగది. దాదాపు 2500 డిగ్రీలకు వేడెక్కిన టంగ్‌స్టన్ నిరోధం చల్లగా ఉన్నప్పటికంటే పదిరెట్లకు పైగా ఉంటుంది. గియోర్గ్ ఓమ్ 1827లో ప్రచురించిన నియమాన్ని బడిలో చెప్పేటప్పుడు ‘ఉష్ణోగ్రత మారకుండా ఉంటే’ అన్న షరతు చేర్చడం ఇందుకే. స్విచ్ వేసిన క్షణాన మీ బల్బులోకి 230ని 38తో భాగించినంత, అంటే 6 ఆంపియర్ల వరకు కరెంటు దూసుకుపోయి, తీగ వేడెక్కగానే 0.43కు దిగుతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే మాడిపోయేది ఈ తాకిడికే. ఇది స్వయంగా చూడాలనుకుంటే ఇంటి కరెంటు జోలికి పోకుండా, 12 వోల్టుల మోటారుసైకిలు బల్బును ముందు 3 వోల్టులతో, తరువాత 6, 12 వోల్టులతో వెలిగించి, ప్రతిసారీ వోల్టేజిని, కరెంటును ఒకేసారి కొలిచి భాగించు. మూడుసార్లూ నిరోధం పెరుగుతూ వస్తుంది.